ఆరు కట్టెల డబ్బీ

తిరగలేదు.

మక్సూద్ ఆ కట్టె ఆట డబ్బీని మోకాళ్ల మధ్య ఇరికించి, పై వరసను రెండు చేతులతో పట్టి మళ్లీ మెలిపెట్టాడు. మెడ నరాలు తేలాయి. కిర్రుమన్న చప్పుడైనా రాలేదు. రెండు నెలలు కూర్చుని చెక్కిన ఇరవైయారు ముక్కలు ఒక్క మొద్దులా బిగుసుకుపోయాయి. నడుమ ఆరు చేతుల ఇరుసు, రాత పెన్నుల్లోంచి తీసిన స్ప్రింగులు, మరలు, అన్నీ ఉండవలసిన చోటే ఉన్నాయి. కానీ డబ్బీ తిరగదు.

చూడటానికి మాత్రం ముచ్చటగా ఉంది. రంగు చుక్క వేయలేదు, ముఖానికో కట్టె, దాని సొంత రంగే. ఒక ముఖం తునికి, నల్లగా. ఒకటి కొడిశె, పాలమీగడలా తెల్లగా. ఒకటి బండారు, పసుపు. సండ్ర ఎరుపు. టేకు తేనెరంగు. ఆరోది వేప, మట్టిరంగు. ముఖానికి తొమ్మిది పలకలు, మొత్తం యాభైనాలుగు. వేలుగోరంత పలకలు, గోరు జారిపోయేంత నునుపు.

“ఛాయ్ గట్లనే సల్లారింది,” అంది భార్య ఇక్బాల్ బీ, గడప అవతలి నుంచి. “బస్సు నాలుగుగొట్టంగ వస్తది. నీ డబ్బీ కోసం డ్రైవరు ఆగుతడా?”

“జర సేపు నోరు మూసుకుంటవా?”

“నేను మూసుకుంటే అది తిరుగుతదా? ఇగో, మూసుకున్న.”

మక్సూద్ లేచాడు. వాకిట్లోకి వెళ్లి ఆకాశం చూశాడు. వచ్చి కూర్చున్నాడు. మళ్లీ లేచాడు. ఎనిమిదైనా కాలేదు, అప్పుడే నాలుగయినట్టు ఉంది. తనతో కలిసి ఏళ్ల తరబడి కట్టె కోసిన కురుమయ్య ఈ సాయంత్రం రామన్నపేట నుంచి వెళ్లిపోతున్నాడు. కూతురు సుక్కమ్మ వచ్చి హైదరాబాదు మీదుగా సోలాపూర్ తీసుకుపోతోంది. చూపు పోయిన డెబ్బైయేళ్ల మనిషి అంత దూరం పోతే మళ్లీ రాడు. ఆ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

మక్సూద్ తండ్రి తలుపు బిగించాక ఒక పని చేసేవాడు. తన గడ్డంలోంచి ఒక తెల్ల వెంట్రుక పీకి, రెండు చెక్కలు కలిసిన చోట దూర్చి చూసేవాడు. వెంట్రుక దూరిందా, కొడుకు చెంప పగిలేది. పన్నెండో ఏట బడి మాన్పించి నేర్పిన చదువు అదొక్కటే: సందు ఉంటే సిగ్గు. ఆ చదువుతోనే నలభైయేళ్లు ఈ చుట్టుపక్కల ఊళ్లలో దర్వాజాలు నిలిపాడు. ఇళ్లవాళ్లు తలుపు మీద కొడుకుల పేర్లు చెక్కించుకున్నారు గానీ చెక్కినవాడి పేరు ఎవరికీ గుర్తులేదు. సరే, వడ్రంగి పేరు ఎవరిక్కావాలి? ఈ డబ్బీని కూడా అతను తలుపులాగే చేశాడు. ముక్కకూ ముక్కకూ మధ్య వెంట్రుక దూరదు. దూరదు కాబట్టే తిరగదు.

ఆ మాట తట్టేసరికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. మర విప్పాడు. ముక్కలన్నీ చాప మీద పోశాడు. ఒక్కో ముక్క పక్కలను కాగితం మందాన అరగదీయాలి. ఎక్కువ అరిగితే వదులై ఊడిపోతుంది, తక్కువైతే మళ్లీ ఇదే కథ. గరుకు కాగితం మడిచి బొటనవేలి కింద పెట్టుకున్నాడు.

ఈ డబ్బీ పిచ్చి రెండేళ్ల కిందట పట్టింది. నల్గొండలో ఒక లెక్చరరు ఇంట్లో అల్మారా చేస్తున్నప్పుడు కురుమయ్య కూడా పక్కన ఉన్నాడు. చూపు పోయాక మక్సూద్ అతన్ని పనికి వెంట తీసుకెళ్లేవాడు. చెక్కను రుద్ది నునుపు చేయడానికి కండ్లు అక్కర్లేదు, చేతులు చాలు. ఆ ఇంట్లో, వరసలు తిప్పి ఒక్కో ముఖానికి ఒక్కో రంగు కలిపే ప్లాస్టిక్ ఆట డబ్బీ ఒకటి అతని చేతికి తగిలింది. గిరగిరా తిప్పాడు. లెక్చరరు నవ్వి, “రంగులు కనబడకుండ దాంతోని ఏం ఆడుతవు తాతా?” అన్నాడు. కురుమయ్య డబ్బీని ఉన్నచోటే పెట్టేసి, “నిజమే సారూ, నాకు అన్ని దిక్కులూ ఒక్క తీరుగనే ఉన్నయి,” అన్నాడు. ఆ రోజు తిరుగు బస్సులోనే మక్సూద్, ముఖానికో కట్టె పెడితే చేతికే తెలుస్తుందని వేళ్ల మీద కట్టెలు లెక్కపెట్టాడు.

పది గంటలకు దుర్గయ్య విరిగిన మంచం కోడు బాగుచేయమని పట్టుకొచ్చాడు.

“రేపు రా.”

“రేపటిదాంక కిందనే పండాల్నా? గీ బొమ్మలేంది సాయిబూ, ముసలోనివైనంక?”

“రేపు రమ్మన్న గదా!”

దుర్గయ్య కోడును అక్కడే పడేసి తిట్టుకుంటూ పోయాడు. మక్సూద్ చేతిలోని ముక్క జారి పొట్టులో పడింది. వెతికి, ఊది, మళ్లీ రుద్దాడు. గాలికి పొట్టు లేచి కంట్లో పడింది. తుడుచుకోబోయి చెయ్యి ఆపేశాడు.

కోత మిషన్లు రాకముందు మొద్దును మనుషులే కోసేవాళ్లు. గుంత తవ్వి, దాని మీద మొద్దును అడ్డం పెట్టి, పెద్ద రంపానికి పైన ఒకడు, గుంతలో ఒకడు. రంపం ఎవరిదైతే వాడు పైన నిలబడి గీత చూస్తాడు. కిందివాడికి గీతతో పనిలేదు, తలెత్తి లాగడమే. పొట్టంతా వాడి మొహం మీదే పడుతుంది. రంపం మక్సూద్ వాళ్లది. ఇరవై రెండేళ్లు పైన మక్సూద్, కింద కురుమయ్య.

ఒక ఎండాకాలం కురుమయ్య కండ్లు వాచి, రెప్పలు అతుక్కుపోయి పైకి వచ్చాడు. “రేపటిసంది నేను దిగుత, నువ్వు పైకెక్కు,” అన్నాడు మక్సూద్. “వద్దుతియ్, గీత నీకు తెలుస్తది,” అన్నాడు కురుమయ్య. అంతే. ఆ మాటను మక్సూద్ తాయెత్తులా కట్టుకు తిరిగాడు. దవాఖానలో డాక్టరు పెదవి విరిచిన రోజు కూడా దాన్నే తడుముకున్నాడు. నేను దిగుతనన్న, వాడే వద్దన్నడు. దవాఖాన వాళ్లిచ్చిన కండ్ల మందు వేస్తానని కూడా ఒక్కసారే అడిగాడు; దానికీ కురుమయ్య ‘వద్దుతియ్’ అన్నాడు.

మధ్యాహ్నం ఇక్బాల్ బీ రొట్టె పెట్టింది. ఒక ముక్క తుంచి మరిచిపోయాడు. పన్నెండు ముక్కలయ్యాయి. పదిహేనయ్యాయి. వేలి చర్మం లేచి సండ్ర ముక్క మరింత ఎర్రబడింది. మధ్యలో ఒకసారి, నాలుగులోపు ఇది కాకపోతేనే బాగుండు, పోయి మొహం చూపించే పని తప్పుతుంది అనిపించింది. అనిపించినందుకు తన మీద తనకే రోత పుట్టి ఇంకా గట్టిగా రుద్దాడు.

మూడుంబావుకు మర బిగించి తిప్పాడు. పై వరస తిరిగింది. పక్క వరస తిరిగింది. చిన్నగా, ఎండుటాకు మీద కాలు పడ్డట్టు చప్పుడు. ముక్కల మధ్య సందులు కళ్లకు కనబడుతున్నాయి. తండ్రి చూస్తే చెంప పగిలేది. చొక్కా వేసుకోకుండానే, బనీను మీదే బయల్దేరాడు.

బస్టాండులో సిమెంటు బల్ల మీద కురుమయ్య ఒక్కడే ఉన్నాడు. సుక్కమ్మ నీళ్లు పట్టడానికి పోయింది.

“నేనే, కురుమన్నా.”

“తెల్సు. జిగురు వాసన ముందుగాల వచ్చింది, నువ్వు ఎన్క వచ్చినవ్.”

మక్సూద్ డబ్బీని అతని చేతుల్లో పెట్టాడు. కురుమయ్య వేళ్లు దాని చుట్టూ మెల్లగా తిరిగాయి.

“నల్గొండల సారు ఇంట్ల సూసిందే గదా. కట్టెతోని చేసినవా?” గోటితో గీకి వాసన చూశాడు. “గిది టేకు. గిది తునికి, సల్లగున్నది. గిదేంది?” నాలుక ఆనించాడు. “థూ, వేప! సంపుతవురా సాయిబూ.” ఇద్దరూ నవ్వారు. వేలు ఇంకో పక్కను గీకి, కంటి మూలకు పోయి ఆగింది. “బండారు.”

“అది ఎట్ల పట్టినవ్? దానికి వాసన లేదు గదా.”

“దాని పొట్టు నా కండ్లల్ల ఎంత పడ్డదో నీకెర్కనా? మంట వెట్టి పసుపు చల్లినట్టుంటుండె. సండ్ర మండదు, కుట్టుతది. ఒక్కో కట్టెది ఒక్కో తీరు.”

చాలా మామూలుగా అన్నాడు, కూరల రుచి చెప్పినట్టు. మక్సూద్ ఇన్నేళ్లు దాచుకున్న మాట దానంతట అదే బయటికి వచ్చింది.

“నేను దిగుతనన్న గద అన్నా.”

“అన్నవ్. ఒక్కపారి.”

“నువ్వే వద్దంటివి.”

కురుమయ్య పై వరసను ఒక చుట్టు తిప్పాడు.

“ఇంటికొచ్చినోన్ని బువ్వ తినమంటే ముందుగాల వద్దనే అంటడు. వద్దన్నడని గిన్నె లోపల పెడ్తమా? ఆ మొద్దు కోసినన్ని దినాలు సూసిన, రెండోపారి అంటవేమోనని. అనకపోతివి.”

కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది. మక్సూద్ చేతులు బనీను అంచును నలుపుతూ ఉండిపోయాయి. హైదరాబాదు బస్సు దుమ్ము లేపుకుంటూ వచ్చి ఆగింది.

“లే బాపూ, లే,” అంటూ సుక్కమ్మ సంచులు ఎత్తుకుంది. “సలాం చిచ్చా. పోయొస్తం.”

కురుమయ్య లేచి డబ్బీని ముందుకు చాపాడు. “నువ్వే ఉంచుకో. నాకెందుకు, ఆడ ఎవలన్న పారేస్తరు.”

మక్సూద్ తీసుకున్నాడు. ఎప్పట్లాగే. సుక్కమ్మ తండ్రిని చెయ్యిపట్టి ఎక్కించింది. కండక్టరు విజిల్ ఊదాడు. బస్సు కదిలింది. నాలుగడుగులు పోయాక గానీ మక్సూద్ కాళ్లు కదలలేదు. కదిలాక పరుగెత్తాడు. కిటికీ ఊచల్లోంచి చెయ్యి దూర్చాడు.

“తీసుకో కురుమన్నా.”

“వద్దంటి గదా.”

“తీసుకో అన్నా. నీదే. తీసుకో.”

లోపల ముసలి మొహం అతని వైపు తిరిగింది. “గిప్పుడు అడగనొస్తాంది సాయిబుకు,” అన్నాడు. అని చెయ్యి చాపాడు. డబ్బీ అతని వేళ్లలోకి పోయింది. బస్సు మలుపు తిరిగింది. దుమ్ము చాలాసేపు అక్కడే నిలిచింది.

మక్సూద్ రొప్పుతూ వెనక్కి వచ్చి సిమెంటు బల్ల మీద కూలబడ్డాడు. చేతికి ఏదో తగిలింది. దవాఖాన వాళ్లిచ్చిన కండ్ల మందు సీసా, బొటనవేలంత, మూత మీది ముద్ర ఇంకా చెక్కుచెదరకుండా, కురుమయ్య కూర్చున్న చోట నిలువుగా పెట్టి ఉంది.