పైన వదలమన్న వరుస

చాయ్ తాగిన గ్లాసును ఆయనే కడిగి బోర్లించాడు. నాకు అనుమానం అక్కడే మొదలైంది. పెళ్లయినప్పటి నుంచి ఆ చేతులు ఎంగిలి గ్లాసు ముట్టింది లేదు.

"రేపు కాలనీ మీటింగున్నది. జర నాలుగు మాటలు రాసియ్యి" అన్నాడు మా ఆయన పాండురంగం.

ఇది కొత్తేమీ కాదు. దిల్‌సుఖ్‌నగర్ వెనక లేచిన మా కాలనీకి ఆయన సెక్రటరీ అయినప్పటి నుంచి మైకులో గొంతు ఆయనది, మాటలు నావి. రాసిచ్చింది ముందుగా చదువుకోడు. మడిచి జేబులో పెట్టుకుంటాడు, మైకు ముందే విప్పుతాడు. "నా కొడుకు ఎట్ల మాట్లాడిండో విన్నవా?" అని మా అత్త ఇంద్రమ్మ మళ్లీ నాకే చెప్పి మురుస్తుంది.

ఈసారి ఏం రాయాలో వంటింటి గడప దగ్గర నిలబడి చెప్పాడు. గేట్ల ముందు సైకిళ్లు అడ్డమట. సాయంత్రం పిల్లల గోలకు పెద్దవాళ్లకు కునుకు లేదట. పక్క బస్తీల పోరగాండ్లు కాలనీలో తిరుగుతున్నారట. ఇల్లాళ్లు రెండు పనులతో అలిసిపోతున్నారట.

"ఇంతకీ అసలు సంగతేంది?"

"గది నేను ఆడ చూసుకుంట. పైన ఒక వరుస ఖాళీ పెట్టు. నీకెందుకు పరేషాన్?"

పక్కనుంచి అత్త అందుకుంది. "నువ్వు అలిసిపోతున్నవని వాని ఫికర్. ఎంత అదృష్టమే నీది!"

"అలిసిపోతున్నననే కదా అత్తమ్మా, గ్లాసు కడిగిండు. మరి గిన్నెలు?"

ఆమె ముక్కు విరిచింది.

సాయంత్రాలు మా వరండాలో టెన్త్ పిల్లలకు ట్యూషన్ చెబుతాను. పేరా రాయించేటప్పుడు నేను చెప్పేది ఒకటే. పేరాకు ఒక్కటే అసలు మాట, మిగతా వాక్యాలన్నీ దాన్ని మోయాలి, మోయనిదాన్ని కొట్టెయ్యండి. ఒక్కోసారి బోర్డు మీద మొదటి వాక్యం చెరిపేసి, కింది వాటిని చూసి దాన్ని పట్టుకోమంటాను.

పప్పు మెదుపుతూ ఆయన మాటలనూ అట్లాగే పక్కపక్కన పేర్చుకున్నాను. సైకిళ్లు ఎవరివి? గోల ఎక్కడిది? రెండు పనులు చేస్తున్న ఇల్లాలు ఎవరు? అన్నీ మా వరండా వైపే వేలు చూపిస్తున్నాయి. ఇళ్లలో ట్యూషన్లు బంద్ చెయ్యాలి. చెరిపేసిన వాక్యం ఇదే. నా ట్యూషన్ మూసే మాటలు నా చేతే రాయించి, తప్పు కాలనీ మీద వేద్దామని!

ఎందుకో కూడా తెలుసు. మొన్న ఎల్‌బీనగర్ నుంచి వచ్చిన చుట్టం రిక్షా దిగుతూనే నవ్వాడు. "గేటు మీద నీ పేరే ఉన్నది గని పాండురంగం, టీచరమ్మ ఇల్లంటేనే రిక్షాయనకు తెలిసింది!" ఆ పూట ఆయన సగం అన్నంలో లేచిపోయాడు.

కూర్చుని రాశాను. వరుస ఖాళీ పెట్టలేదు. మడిచి ఇచ్చాను, జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు నేనూ వెళ్లి ఆడవాళ్ల వరుసలో కూర్చున్నాను. ప్రెసిడెంటు సాంబమూర్తి గారు "ఇప్పుడు మన సెక్రటరీ గారు మాట్లాడతారండీ" అన్నారు. ఆయన కాగితం విప్పాడు. అలవాటైన గొంతు, అలవాటైన అక్షరాలు. ఆగలేదు.

"మా ఇంటిని అందరూ టీచరమ్మ ఇల్లంటారు. ఆ పేరు నాకు గర్వం."

చప్పట్లు మోగాయి. ఆయన తలెత్తి నాకోసం వెతికాడు. కింద ఆయన చెప్పిన సైకిళ్లు, గోల, పోరగాండ్లు, ఇల్లాలి అలసట మీదే ఇంకా నాలుగు వాక్యాలున్నాయి. మొదటిది ఇంతమంది ముందు చదివేశాక, మిగతావి దాన్ని మోయక తప్పదు.