గరుకు చెయ్యి

నా చెయ్యి గరుకని మా ఆర్కెస్ట్రా ఓనరు ఉదయ్ భాస్కర్ మొదటిసారి అన్నది ఇల్లందులో, ఒక పెళ్ళి రిసెప్షన్లో. పాట అయిపోయి జనం చప్పట్లు కొడుతున్నారు. ఆ చప్పట్ల మధ్యలోనే మైకు అందుకుని, "మా శ్రావణి దుమ్ముగూడెం అడవిలోంచి వచ్చిందండీ. వాళ్ళింట్లో తరతరాలుగా డోలు కొడతారు. అందుకే గిటార్ని కూడా డోలనుకుని బాదేస్తుంది" అన్నాడు. హాలంతా నవ్వింది. వేదిక మీదున్న మా ఆర్కెస్ట్రా వాళ్ళూ నవ్వారు. చేరి వారం కూడా కాలేదు, నేనూ పళ్ళికిలించాను.

ఆ నవ్వు ఆయనకి బాగా రుచించింది. తర్వాత ఏ ఊళ్ళో ప్రోగ్రాం పెట్టినా ఆ ముక్క అనకుండా వదల్లేదు. మూడేళ్ళు గడిచేసరికి అది హాస్యం కాకుండా పోయింది. పాట బాగా రాకపోతే శ్రావణి చెయ్యి. మైకు కూసినా శ్రావణి చెయ్యే. పెళ్ళివాళ్ళు చెవులు మూసుకుంటే, "ఆ అమ్మాయి చెయ్యి కాస్త గరుకండీ" అని ఆయనే వెళ్ళి క్షమాపణ చెప్పేవాడు. నన్ను డ్రమ్ముల వెనక్కి జరిపి, ఒక్క ముక్క కూడా ఒంటరిగా వాయించనివ్వకుండా కూర్చోబెట్టాడు.

ఇందులో నిజం ఎంతో చెబుతాను. మా నాయన పగిడయ్య డోలు కొడతాడు, అది నిజం. కానీ మా ఊళ్ళో డోలు మెడకేసుకునేది మగవాళ్ళే. ఆడవాళ్ళం చేతులు కలుపుకుని వరసగా ఆడతాం. పుట్టి బుద్ధెరిగాక డోలు మీద నా చెయ్యి పడింది లేదు. ఆ మాట ఉదయ్ భాస్కర్‌కి చెప్పాను కూడా. "రక్తంలో ఉంటుంది లేమ్మా" అన్నాడు. వాళ్ళ తాతలు కోస్తా నుంచి సత్తుపల్లి వచ్చి భూములు కొన్నారు, ఈయన రక్తంలో ఏముందో మేమెవరమూ ఎప్పుడూ అడగలేదు.

అసలు సంగతి గిటార్‌లో ఉంది. అది ఆర్కెస్ట్రాది. ఎర్రగా, బరువుగా, నా కన్నా వయసులో పెద్దది. కర్ర మంచిదే. సన్న తీగ మీటితే మాత్రం రేకుల షెడ్డు మీద మేకుతో గీసినట్టు ఉండేది. వేళ్ళతో వాయించి చూశాను. తీగలు మీటే ప్లాస్టిక్ బిళ్ళ, మెత్తటి ప్లెక్ట్రమ్‌తో చూశాను. తీగలు మార్చాను. టోన్ నాబ్ తగ్గిస్తే గోనెసంచి కప్పి వాయించినట్టు పాటంతా మూసుకుపోయేది తప్ప ఆ గీత పోయేది కాదు.

ఈ చలికాలం పెళ్ళిళ్ళకి ముందు ఉదయ్ భాస్కర్ అందరి ఎదుటా తేల్చి చెప్పాడు. "కొత్తగూడెం రిసెప్షన్ దాకా చూస్తానమ్మాయ్. అప్పటికీ నీ చెయ్యి దారికి రాకపోతే గిటార్ మా సాయికిరణ్‌కి ఇచ్చేస్తాను. నువ్విక రానక్కర్లేదు."

సాయికిరణ్ ఆయన మేనల్లుడు. కీబోర్డు వాయిస్తాడు. ఏడాదిగా ఫోన్లో వీడియోలు చూసి గిటార్ నేర్చుకుంటున్నాడు. మేనమామ ఆ మాట అంటుంటే తల దించుకుని నవ్వుకున్నాడు, నాకు కనపడదనుకున్నాడు కాబోలు.

నేను ఐటీఐ చదివి భద్రాచలంలో సెల్‌ఫోన్ రిపేరు షాపులో పనిచేస్తాను. పగిలిన గ్లాసులు మారుస్తాను, తడిసిన ఫోన్లు ఆరబెడతాను. హాస్టల్లో ఉన్నప్పుడు మా వార్డెన్ దగ్గర గిటార్ నేర్చుకున్నాను. సొంతానికి ఒకటి కొనుక్కునే స్తోమత ఏనాడూ లేదు. ఆ ఎర్ర గిటార్ మెడలో వేసుకున్నప్పుడు తప్ప నేనేమిటో నాకే గుర్తుండేది కాదు. దాన్ని తీసేసుకుంటానంటే ఒళ్ళు మండింది. భయం కూడా వేసింది, ఆ మాట దాచుకోవడం దేనికి.

ప్రాక్టీసుకని అడిగి గిటార్‌ని షాపుకి తెచ్చుకున్నాను. మధ్యాహ్నం జనం పలచబడ్డాక తీగలు వదులు చేసి, స్పీకరుకి కలిపి, స్క్రూడ్రైవర్ ప్లాస్టిక్ పిడితో పికప్ మీద చిన్నగా తట్టాను. పికప్ అంటే తీగల కింద ఉండే అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుక కన్నా సన్నటి రాగితీగ. గిటార్ తీగ కదలికని అదే పట్టుకుని స్పీకరుకి పంపుతుంది. మంచి పికప్ తీగ మాటే వింటుంది. ఇది నేను తట్టిన ప్రతి తట్టునీ టకటకా స్పీకర్లోకి పంపింది. గోటితో గీకితే అదీ పంపింది. లోపలి రాగితీగ చుట్లు ఎప్పుడో వదులైపోయి, పాటతో పాటు తామూ వణుకుతున్నాయి. రెండో పికప్‌దీ అదే కథ.

ఇన్నేళ్ళూ నన్ను తిట్టించింది ఇదన్నమాట. నా చేతిని ముందుకు చాపి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాను. దానికేమీ కాలేదు.

నా జీతంలోంచి డబ్బు పెట్టి హైదరాబాద్ నుంచి కొత్త పికప్‌లు తెప్పించాను. పాతవి ఊడదీసి, కొత్తవి బిగించి, వైర్లు సోల్డరింగ్‌తో అతికాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే ముందే ఏదో ఒక వంక పెడతారు. పాతవి కూడా కవర్లో చుట్టి సంచిలో వేసుకున్నాను, ఆర్కెస్ట్రా సొత్తు పోగొట్టానని రేపు మళ్ళీ ఒక మాట పడకుండా.

కొత్తగూడెం ఫంక్షన్ హాల్లో మధ్యాహ్నం రిహార్సల్ పెట్టారు. సాయంత్రం రిసెప్షన్. హాలు మధ్యలో సౌండ్ మిక్సర్ దగ్గర రామ్‌చందర్ కూర్చున్నాడు. ఆయనది మా పక్క ఊరే, మా తెగ మనిషే. ఆర్కెస్ట్రా మొదలైనప్పటి నుంచి సౌండు చూసేది ఆయనే.

పాట మొదలైంది. గిటార్ ముక్క వచ్చినప్పుడు సన్న తీగ మీద పైకి పోయాను. ఇంతకుముందైతే అందరూ మొహం చిట్లించే చోటు అది. స్వరం గుండ్రంగా, నిండుగా వచ్చి నిలబడింది. మా గాయని సాహిత్య పాడటం ఆపి వెనక్కి తిరిగింది. సాయికిరణ్ కీబోర్డు మీంచి చేతులు తీసేశాడు. నేను ఆపలేదు. ఎవరూ చెప్పకపోయినా ఆ ముక్కంతా వాయించాను. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

ఉదయ్ భాస్కర్ కుర్చీలోంచి లేచి వేదిక ఎక్కాడు. నా దగ్గరికి వచ్చి, నన్ను కాదు, గిటార్ని చూశాడు.

"ఏం చేశావ్ దీన్ని?"

"పికప్‌లు మార్చిన సార్. పాతవి పాడైనయ్. మూడేండ్ల నుంచి గరుకు గరుకు అంటున్నరే, అది గిదే. నా చెయ్యి గాదు."

ఆయన ఒకసారి తీగల మీద వేలు వేసి చూశాడు. మొహంలో సంతోషం దాగలేదు. "బ్రహ్మాండంగా ఉంది" అన్నాడు. వెంటనే వెనక్కి తిరిగి, "ఒరే సాయీ, ఇలా రారా. సాయంత్రం నువ్వు వాయించు. ఇంత మంచి సౌండు వెనకాల పెట్టుకోవడం దేనికి? ముందు నిలబడు" అన్నాడు.

నేను సరిగా వినలేదేమో అనుకున్నాను. సాయికిరణ్ అప్పుడే వచ్చి నా మెడలో గిటార్ పట్టీ మీద చెయ్యి వేశాడు. "ఇయ్యక్కా" అన్నాడు, చాలా మర్యాదగా.

"చెయ్యి తియ్యి" అన్నాను వాడితో. ఉదయ్ భాస్కర్ వైపు తిరిగాను. "సార్, కొత్తగూడెం దాకా చూస్తనన్నరు. ఇప్పుడు విన్నరు గదా. ఇంకేంది?"

"విన్నానమ్మాయ్. గిటార్ బాగుపడింది. నీ చెయ్యి బాగుపడిందని ఎవరన్నారు? పదిరోజులు వాయించావంటే దీన్నీ ఆ పాతదాని మాదిరే చేస్తావు."

"చేతితోని పికప్‌లు ఖరాబైతయా సార్?"

"నాకు పాఠాలు చెప్పకు. నలభై ఏళ్ళ నుంచి సంగీతంలో ఉన్నాను. మెత్తటి చెయ్యి పడితే ఇనుప కంచం కూడా పాడుతుంది. గరుకు చెయ్యికి ఏం తగిలించినా దండగే."

సాహిత్య కాగితంలో పాట వెతుక్కుంటోంది, ఆమెకు ఆ పాట కంఠతా వచ్చు. ఈ మనిషి ముందు ఏడిస్తే నన్ను నేనే క్షమించుకోను అనుకున్నాను.

"పికప్‌లు నావి" అన్నాను. "నా పైసల్తోని కొన్న. గిటార్ మీది, తీసుకోండ్రి. అవి మాత్రం ఇచ్చేది లేదు."

ఆయన మొహం ఎర్రబడింది. అందరి ముందూ అలా అన్నవాళ్ళు బహుశా అంతవరకు ఎవరూ లేరు. "తీసుకుపో నీ ఇనుప ముక్కలు" అని అరిచాడు. "పాతవి మళ్ళీ ఎలా ఉన్నవి అలా బిగించు. మావాడి చేతిలో ఆ పాతవే పలుకుతాయి. కూర్చుని విను, చెయ్యంటే ఏమిటో తెలుస్తుంది."

సాయికిరణ్ గిటార్ వంక ఒకసారి, మేనమామ వంక ఒకసారి చూశాడు.

వేదిక వెనక గదిలో బల్ల మీద గిటార్ని పడుకోబెట్టి సోల్డరింగ్ ఐరన్ వేడిచేశాను. కొత్తవి ఊడదీశాను. పాతవి తగిలించేటప్పుడు పాడుబుద్ధి పుట్టలేదని అనను. ఒక్క అతుకు వదులుగా వదిలితే పాట మధ్యలో చప్పుడే ఆగిపోతుంది, ఎవరూ కనిపెట్టలేరు. కానీ అలా చేస్తే తప్పు మళ్ళీ నా చేతి మీదికే వస్తుంది. ప్రతి అతుకూ గట్టిగా, మెరిసేలా వేశాను. అంత కసిగా, అంత శుభ్రంగా ఏ పనీ చేసి ఉండను. గిటార్ని సాయికిరణ్‌కి ఇచ్చి, హాల్లోకి వెళ్ళి మిక్సర్ పక్కన నిలబడ్డాను.

రిసెప్షన్ మొదలైంది. పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు సోఫాలో కూర్చున్నారు. సాయికిరణ్ మెరిసే కోటు వేసుకుని అందరికన్నా ముందు నిలబడ్డాడు. "మా మేనల్లుడండీ" అని ఉదయ్ భాస్కర్ మైకులో చెప్పాడు. పాట ఎత్తుకున్నారు. సాయికిరణ్ సన్న తీగ మీదికి పోయాడు.

మేకు రేకుని గీసింది. ముందు వరసలో ఒక పిల్ల చెవులు మూసుకుంది. ఎవరో పెద్దాయన అన్నం ప్లేటు పట్టుకునే వెనక్కి తిరిగి చూశాడు. నేను మూడేళ్ళు వాయించిన గోల అచ్చం అదే. ఇంకో మనిషి చేతిలో మొదటిసారి విన్నాను. నాకు నవ్వొచ్చింది. ఇప్పుడు చెప్పు, ఎవరి రక్తంలో ఉందో చెప్పు అనుకున్నాను.

ఉదయ్ భాస్కర్ వేదిక దిగి దాదాపు పరుగెత్తుకుంటూ మా దగ్గరికి వచ్చాడు. ఏమంటాడోనని ఎదురుచూశాను. ఆయన నన్ను చూడనేలేదు.

"రామ్‌చందర్, నిద్రపోతున్నావా? వాడి గిటార్ చెవులు కోస్తోంది. తగ్గించు ఆ ట్రెబులు."

రామ్‌చందర్ వంగి రెండు నాబ్‌లు తిప్పాడు. ఒకటి కాస్త, దాని కిందది ఇంకాస్త. గిటార్ మీది నాబ్ తిప్పినప్పటిలా పాటంతా మూసుకుపోకుండానే గీత సగానికి పైగా పోయింది. మిగిలింది డ్రమ్ముల్లో కలిసిపోయింది. ముందు వరసలో పిల్ల చెవుల మీంచి చేతులు తీసింది. ఉదయ్ భాస్కర్ ఊపిరి పీల్చుకుని, పెళ్ళివాళ్ళ దగ్గరికి వెళ్ళి, "సౌండు సెట్టింగ్ కొంచెం తేడా వచ్చిందండీ" అని నవ్వుతూ చెప్పాడు. గరుకు అనే మాటే ఆయన నోట రాలేదు.

నేను ఆ నాబ్‌ల వైపే చూస్తూ నిలబడ్డాను. వేదిక మీదున్నవాళ్ళకి హాల్లో ఏం వినపడుతోందో తెలియదు. మిక్సర్‌లో ఏమైనా సరిచేయొచ్చా అని చేరిన కొత్తలో రామ్‌చందర్‌నే అడిగాను. చేసేదేమీ లేదన్నాడు. నమ్మాను.

"అన్నా" అన్నాను. "గంతేనా?"

"ఏంది?"

"రెండు నాబ్‌లు. మూడేండ్లల్ల నాకెందుకు తిప్పలే?"

ఆయన వేదిక వైపు చూస్తూనే జవాబిచ్చాడు. "తిప్పమని ఎవలూ చెప్పలే."

"చెప్తేనే తెలుస్తదా? వినపడలేదా నీకు?"

"వినపడ్డది" అన్నాడు. కొట్టిపారేస్తాడేమో, కోప్పడతాడేమో అనుకున్నాను. ఆయన చాలా మామూలుగా, నిజం చెప్పే మనిషి చెప్పినట్టు చెప్పాడు. "నీ చెయ్యే గట్లుంటది అనుకున్న చెల్లే. మనోళ్ల చేతులు గంతే గదా అనుకున్న."

ఉదయ్ భాస్కర్ కోసమైతే నా దగ్గర మూడేళ్ళ తిట్లు పోగుపడి ఉన్నాయి. ఈయనకి ఇవ్వడానికి ఒక్కటి కూడా దొరకలేదు. సంచి భుజాన వేసుకుని బస్టాండుకి నడిచాను.