మోచేతికి తెలిసింది

గంటర్స్‌విల్ సరస్సు మీద గాలం వేసేవాళ్లలో రెండు తెగలున్నాయని హోలిస్ టిడ్‌మోర్ అంటుండేవాడు. నైలాన్ తీగతో బాస్ చేపలు పట్టేవాళ్లు ఒక తెగ. చేపలు పట్టడం చేతకాక జడదారం కొనుక్కునేవాళ్లు రెండో తెగ. నైలాన్ అంటే ఒంటిపోగు. నీళ్లలో కనిపించదు, చేప లాగితే కాస్త సాగుతుంది, మనిషి తొందరపడినా సర్దుకుపోతుంది. జడదారం సన్నని పోగులు కలిపి అల్లింది. సాగదు, ఓ పట్టాన తెగదు, నీటిగడ్డిని కోసుకుంటూ వస్తుంది. మరి అదే మంచిది కదా అని ఎవరైనా అంటే హోలిస్‌కి ఒళ్లు మండేది.

"చేపకి కూడా ఓ అవకాశం ఇవ్వాలయ్యా! బట్టలారేసే తాడు కట్టి ఈడ్చుకొస్తే అది చేపలు పట్టడమా, చెడిపోయిన బండిని లాక్కురావడమా?" అనేవాడు. కౌంటీ రోడ్ల శాఖలో ముప్పై ఒక్క ఏళ్లు లారీ నడిపిన మనిషి, ఏ మాట చెప్పినా బండి దగ్గరికే వచ్చేది.

ఈ ఉపన్యాసం ఎక్కువగా వెర్లన్ స్కాగ్స్ కొట్లో నడిచేది. రేవుకి వెళ్లే దారిలో ఎరలూ గాలాలూ అమ్మే కొట్టు అది. వెర్లన్ చిన్ననాటి స్నేహితుడు, పైగా ఇరవై రెండేళ్లుగా జడదారం తప్ప ఇంకోటి ముట్టనివాడు. గుమ్మంలో అడుగు పెడుతూనే హోలిస్ "ఏరా, బట్టలు ఆరాయా?" అనేవాడు. వెర్లన్ తలెత్తకుండానే "అన్నీ ఆరాయి, నీ ప్యాంటే ఇంకా తడిగా ఉందిరా" అనేవాడు. కాఫీ తాగుతున్న నలుగురూ ఎన్నిసార్లు విన్నా నవ్వేవారు.

నిరుడు అక్టోబరులో హోలిస్ పేగులో గడ్డ బయటపడింది. హంట్స్‌విల్‌లో ఆపరేషన్ చేశారు, ఆపైన ఆరు నెలలు కీమో ఇచ్చారు. గండం గడిచింది. బుధవారం చర్చి భోజనాల దగ్గర హోలిస్ లేచి నిలబడి, తనకి సూది గుచ్చిన నర్సులందరికీ పేరుపేరునా కృతజ్ఞత చెప్పుకున్నాడు. ఒక పేరు మరిచిపోయి, కూర్చున్నాక గుర్తొచ్చి, మళ్లీ లేచి చెప్పాడు. బతకడం ఊరికే జరగదని ఆ మనిషికి బాగా తెలిసొచ్చింది.

అయితే మందు పోతూ పోతూ వేళ్ల స్పర్శ పట్టుకుపోయింది. పది వేళ్లూ మొద్దుబారాయి. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. చొక్కా గుండీలు భార్య ఆర్డిత్ పెట్టేది. దానికి హోలిస్ బాధపడలేదు. "నలభై ఏళ్ల తర్వాత మళ్లీ నా చొక్కా మీద చెయ్యి వేస్తున్నావు" అని ఆమెను ఏడిపించేవాడు కూడా.

అతన్ని తినేసింది వేరు. అతను పట్టే పద్ధతి రబ్బరు వానపాముతో. చిన్న సీసపు గుండు కట్టి, గడ్డి అంచున నీటి అడుగుకి దింపి, మెల్లగా జరుపుకుంటూ రావాలి. బాస్ చేప దాన్ని ఎగబడి మింగదు. నోట్లోకి పీల్చి చూస్తుంది. ఆ పీల్చడం తీగ వెంట వచ్చి చూపుడువేలి మీద ఒక్క చిన్న తట్టులా తగులుతుంది. అప్పుడు గుంజాలి. ఆలస్యమైతే ఉమ్మేసి పోతుంది. తొమ్మిదో ఏట మొదటిసారి తెలిసిన ఆ తట్టు కోసమే హోలిస్ అరవై ఏళ్లుగా తెల్లవారుజామున లేస్తున్నాడు.

మే నెలలో మూడుసార్లు వెళ్లాడు. మూడుసార్లూ వేలికి ఏమీ తెలియలేదు. పక్కన కూర్చున్న ఆర్డిత్ "హోలిస్, తీగ పక్కకి పోతోంది!" అని అరిచేది. అతను గుంజేసరికి చేప ఉండేది కాదు. చేప పోయినందుకు కాదు అతని ఏడుపు. తన చేప సంగతి తనకు ఇంకొకళ్లు చెప్పాల్సి వచ్చినందుకు.

మూడోసారి ఇంటికొచ్చి, స్కాట్స్‌బరోలో ఉండే లమార్ గెంట్రీకి ఫోన్ చేశాడు. అతను ఎప్పటినుంచో హోలిస్ పడవ మీద కన్నేసి ఉన్నాడు. శనివారం మధ్యాహ్నం రేవుకొచ్చి తీసుకెళ్తానన్నాడు.

"పడవ అమ్మేస్తే పొద్దస్తమానం ఇంట్లోనే ఉంటావన్నమాట" అంది ఆర్డిత్ చిక్కుళ్లు ఒలుస్తూ. "నా మీద ఏ పాపానికి కక్ష కట్టావయ్యా?"

"స్పర్శ తెలియని చేత్తో గాలం పట్టుకుని కూర్చునే కన్నా ఇంట్లో కూర్చోవడమే నయం."

"ఇంకా ఒకటి మిగిలింది. నువ్వు ప్రయత్నించంది."

"ఏమిటది?"

"ఆ పేరు నేనంటే నువ్వు కుర్చీలోంచి లేచి వెళ్లిపోతావు."

హోలిస్ లేచి వెళ్లలేదు. అదే ఆమెకు ఆశ్చర్యం.

మంగళవారం నాడు వెర్లన్ కొట్టు ముందు నుంచే బండి పోనిచ్చి, నలభై మైళ్ల దూరంలో తనను ఎవరూ ఎరగని పెద్ద దుకాణానికి వెళ్లాడు. టోపీ కళ్ల మీదికి లాక్కుని ఆకుపచ్చ జడదారం కొన్నాడు. ఎవరికో కొంటున్నట్టు "మా తోడల్లుడు అడిగాడు" అని అమ్మేవాడితో అనవసరంగా చెప్పాడు. అతనికి తోడల్లుడే లేడు. ఇంటికొచ్చి, ఆ అబద్ధం ఆర్డిత్ దగ్గర ఒప్పుకుని, షెడ్డు తలుపు మూసుకుని, రీలు మీది నైలాన్ అంతా ఊడదీసి, ఖాళీ కండె మీద జడదారం చుట్టాడు. ఎలా చుట్టాలో అడిగితే ఎవరైనా చెప్పేవారు. ఇరవై రెండేళ్లు తిట్టినదాని గురించి ఏ మొహం పెట్టుకుని అడుగుతాడు?

బుధవారం పొద్దున ఇద్దరూ వెళ్లారు. గంటసేపటికి ఆర్డిత్ "పోతోంది!" అంది. హోలిస్ లేచి బలంకొద్దీ గుంజాడు. గాలం పడింది, కర్ర వంగింది. రీలు పిడి తిప్పాడు. పిడి తిరిగింది, కండె తిరిగింది, దారం మాత్రం ఒక్క మూర కూడా లోపలికి రాలేదు. ఇంకా తిప్పాడు. దారం అలాగే ఉంది. గడ్డి అవతల చేప ఒకసారి పొర్లింది. జబ్బంత లావున్న దాని పక్క ఎండలో మెరిసింది. ఆపైన దారం వదులైపోయింది.

"చూశావా? ఇదీ జడదారం ఘనత!" అని హోలిస్ కర్రను పడవలో పడేశాడు.

ఆర్డిత్ కర్ర తీసి జాగ్రత్తగా పక్కన పెట్టింది. "ఇది దారం తప్పు కాదు, నీ పొగరు తప్పు. వెర్లన్ దగ్గరికి నువ్వెళ్తావా? లేక నేనే వెళ్లి, నువ్వు తోడల్లుణ్ని పుట్టించిన సంగతి చెప్పమంటావా?"

గురువారం నాడు, కాఫీ జనం వెళ్లిపోయే వేళ చూసుకుని హోలిస్ కొట్టుకు వెళ్లాడు. బట్టలు ఆరాయా అని అడగలేదు. రీలు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

వెర్లన్ ఆ ఆకుపచ్చ దారాన్ని చూశాడు. హోలిస్‌ని చూశాడు. వెళ్లి తలుపుకి 'మూసి ఉంది' అనే పలక తిప్పి వచ్చాడు. "ఇంత మంచి రోజు ఇంకెవరితోనూ పంచుకోనురా" అన్నాడు.

"నవ్వేది నవ్వెయ్."

వెర్లన్ తీరిగ్గా నవ్వాడు. కళ్లు తుడుచుకుని, దారం చుట్టను బొటనవేలితో అదిమిపట్టి పిడి తిప్పాడు. లోపల కండె తిరుగుతుంటే దారం చుట్ట మొత్తం నిలబడిపోయింది. "బోసి కండె మీద చుట్టావు కదూ? ఇది లోహాన్ని పట్టుకోదురా, జారుతుంది. అడుగున పది గజాలు నైలాన్ చుట్టి, దాని కొసకి దీన్ని ముడెయ్యాలి. నైలాన్ కండెని కరుచుకుంటుంది, ఇది నైలాన్‌ని కరుచుకుంటుంది."

హోలిస్ మొహం ఒక్కసారిగా వెలిగింది. "అంటే నా నైలాన్ లేకపోతే నీ జడదారం ఎందుకూ కొరగాదన్నమాట!"

"ఈ ఒక్క ముక్కా నీ చెవిన పడకుండా ఇరవై రెండేళ్లు కాపాడుకొచ్చాను" అని వెర్లన్ నిట్టూర్చాడు. "సరే, ఇంతకీ నీకు దీంతో ఏం పని? ఒట్టు తీసి గట్టు మీద పెట్టడానికి కారణం ఉండాలి కదా."

హోలిస్ వేళ్లు చాపి చెప్పాడు. గుండీల సంగతి, మూడుసార్లు ఆర్డిత్ అరవడం, శనివారం లమార్ రావడం, అన్నీ చెప్పాడు. డాక్టరుతో కూడా అంత చెప్పలేదు.

వెర్లన్ నవ్వలేదు. తన కుడిచెయ్యి బల్ల మీద పరిచి, ఒక కొక్కెం తీసి హోలిస్ ముందుకు తోశాడు. "గుచ్చు."

"పిచ్చా నీకు?"

వెర్లన్ తనే గుచ్చుకున్నాడు. అరచేతిలో చిన్న రక్తపు చుక్క లేచింది. అతని మొహంలో ఏమీ కదల్లేదు.

"రంపం మిల్లులో బెల్టుకి నా చొక్కా చెయ్యి చుట్టుకుంది గుర్తుందా? కుట్టి పంపారు. కదులుతుంది. మణికట్టు నుంచి కిందికి మాత్రం ఏమీ తెలియదు, ఇరవై రెండేళ్లయింది. మరి నేను జడదారం ఎందుకు పట్టుకున్నాననుకున్నావు, రంగు బాగుందనా?"

హోలిస్ ఆ రక్తపు చుక్క వంక చూశాడు. ఇరవై రెండేళ్లలో ఎన్ని వందలసార్లు ఈ గుమ్మంలో నిలబడి ఆ మాట అన్నాడో లెక్క కట్టబోయి, భయమేసి మానేశాడు.

"చెయ్యి బాగైపోయిందన్నావు కదరా. ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు ఆపేసేవాడివి" అన్నాడు వెర్లన్, అప్పటికే నైలాన్ చుట్టడం మొదలుపెట్టి. "అప్పట్లో నా దగ్గరికొచ్చిన ప్రతివాడూ ఈ చెయ్యి చూసి గొంతు తగ్గించేవాడు. శవం దగ్గర మాట్లాడినట్టు మాట్లాడేవాళ్లు. నువ్వొక్కడివే లోపలికొచ్చి బట్టలు ఆరాయా అన్నావు. ఆ రోజు ఇంటికెళ్లి కడుపునిండా తిన్నాను, ఎన్ని వారాల తర్వాతో. దాన్ని చెడగొట్టుకోమంటావా?"

తను సిగ్గుపడాలో సంతోషించాలో హోలిస్‌కి తెలియలేదు. రెండూ ఒకేసారి జరిగాయి.

ముడి వేస్తున్నంతసేపూ వెర్లన్ తన వేళ్లను కళ్లతో కాపలా కాశాడు. చుట్టడం అయ్యాక గాలం కర్ర ఒకటి తీసి చూపించాడు. "వేళ్లతో పట్టి చూడకు. చొక్కా చెయ్యి పైకి మడిచి, కర్ర మొదలు ఇలా మోచేతి కింద చర్మానికి ఆనించు. నైలాన్ సాగుతుంది కదా, ఆ తట్టు దారిలోనే ఇంకిపోతుంది. ఇది సాగదు. అక్కడేం జరిగితే అది నీ దగ్గరికి వస్తుంది. ఇంకో మాట. నీ పాత అలవాటుకొద్దీ గుంజావో, చేప మూతి ఊడి చేతికొస్తుంది. ఊరికే అలా ఎత్తు, చాలు."

"చాలా థాంక్స్ రా" అన్నాడు హోలిస్.

"ఇది ఇంకోసారి అను, నలుగురూ ఉన్నప్పుడు."

"చస్తే అనను."

శనివారం తెల్లవారకముందే ఆర్డిత్ అతని చొక్కా గుండీలు పెట్టి, కుడిచెయ్యి మోచేతి పైదాకా మడిచింది. బిస్కట్లనే మెత్తటి రొట్టెల మధ్య సాసేజీ మాంసం పెట్టి రేకులో చుట్టి తెచ్చింది. పొగమంచు ఇంకా నీటి మీదే ఉంది. హోలిస్ పడవని గడ్డి అంచుకి తెచ్చి, వానపామును విసిరి, కర్ర మొదలు మోచేతి కింద ఆనించుకున్నాడు.

గుండు అడుగున దేనికో తగిలింది. గరగరమని చర్మానికి తెలిసింది.

"రాయి!" అన్నాడు.

"శుభం" అంది ఆర్డిత్.

"గడ్డి. ఇదిగో, గడ్డి వదిలింది. మళ్లీ రాయి, ఈసారి చిన్నది."

అరవై ఏళ్లుగా ఎరిగిన సరస్సు అడుగు అంగుళం అంగుళం చొప్పున అతని చేతిలోకి తిరిగి వచ్చింది. అతను పైకి చెబుతూనే ఉన్నాడు. ఏడింటికీ చెప్పాడు, తొమ్మిదింటికీ చెప్పాడు. ఆర్డిత్ విసుక్కోలేదు. చేప మాత్రం రాలేదు. పదకొండు కావస్తుండగా చెప్పడం మానేశాడు. రేవుకి అరగంట దారి. ఆర్డిత్ గడియారం చూసి, అతను చూడకుండా చెయ్యి వెనక్కి పెట్టుకుంది.

"ఇదే ఆఖరు" అని విసిరాడు హోలిస్.

గుండు దిగింది. గడ్డి పోచలు ఒకదాని వెనక ఒకటి తగిలి వదిలాయి. ఆ తర్వాత, మోచేతికి నాలుగు వేళ్ల కింద, లోపలివైపు మెత్తటి చర్మం మీద, ఒక చిన్న తట్టు.

ఇంకొకటి. ఆకలి లేని జీవి రుచి చూస్తున్నట్టు, తొందరేమీ లేకుండా, ఇంకొకటి.

"హోలిస్! పోతోంది, పక్కకి పోతోంది! ఎత్తు!"

"తెలుసు" అన్నాడు. "నాకు తెలుస్తోంది."

"తెలిస్తే ఎత్తవేం?"

అతను ఎత్తలేదు. కళ్లు మూసుకున్నాడు. దారం అటు కొసన ఒక ప్రాణి మెల్లగా తల తిప్పుతోంది, ఇటు కొసన అది అతనికి తెలుస్తోంది. కీమో కుర్చీలో కూర్చున్న ఆరు నెలలూ అతను దేవుణ్ని అడిగింది ఇదే, సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు. గుంజితే అయిపోతుంది. అయిపోకూడదనుకున్నాడు. ఒక్కటి, ఇంకొక్కటి అని లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాడు. చివరికి చేపే విసిగి, ఎర ఉమ్మేసి పోయింది. అది పోవడం కూడా అతనికి తెలిసింది.

కళ్లు తెరిచేసరికి చెంపలు తడిసి ఉన్నాయి. తుడుచుకోలేదు. వెర్లన్‌కీ, నర్సులకీ, ఎదురుగా నోరు తెరుచుకుని చూస్తున్న ఈ ఆడమనిషికీ, ఇప్పుడే పోయిన ఆ చేపకీ, అందరికీ మనసులోనే దండం పెట్టుకున్నాడు.

"లమార్‌కి ఫోన్ చెయ్యి" అన్నాడు.

"ఏమని చెప్పను?"

"చేప తగిలిందని చెప్పు."

ఆర్డిత్ ఫోన్ తీసి నొక్కింది. అవతల లమార్ "హలో" అన్నాడు. "చేప తగిలిందయ్యా, ఇక పడవ అమ్మం" అంది ఆమె.