స్ప్రింగు పడిందా, లేదా

తన గుండెలో స్ప్రింగు పడిందని, ఇక మీదట ఏడంతస్తులూ ఈల వేసుకుంటూ ఎక్కుతానని, కావాలంటే ఎవరినైనా భుజాన కూర్చోబెట్టుకుని మరీ ఎక్కుతానని లిఫ్టు మావయ్య తన అపార్ట్‌మెంటు గేటు దగ్గర నిలబడి ప్రకటించాడు. భుజమెక్కడానికి ఎవరూ ముందుకు రాలేదు గానీ, చూడ్డానికి మాత్రం పేపరు చదివేవాళ్లు, కుక్కని తిప్పేవాళ్లు, ఆ కుక్కా, అందరూ చేరారు. మొదటి అంతస్తు దాకా ఈల బ్రహ్మాండంగా వినిపించింది. రెండో అంతస్తులో పల్లవి ఉంది గానీ చరణం లేదు. మూడో అంతస్తులో ఈల పోయి, తుప్పు పట్టిన గేటు చప్పుడు వచ్చింది. మావయ్య మెట్ల కిటికీ పట్టుకుని, కింద ఉన్న జనానికి చెయ్యి ఊపాడు.

"ఇక్కడ గాలి బాగుంది. కాసేపు పీల్చి వస్తా," అన్నాడు.

ఆ కాసేపట్లో కుక్క ఇంటికెళ్లి, ఓ కునుకు తీసి, మళ్లీ వచ్చిందని చెప్పుకుంటారు.

ఆయన్ని లిఫ్టు మావయ్య అని ఆయన కంటే పెద్దవాళ్లు కూడా పిలుస్తారు. ఊళ్లో సగం లిఫ్టులు ఆయన చేతి మీదుగా పైకెక్కినవే. మిగతా సగం ఆయన పేరు వింటే భయపడి ఎక్కుతాయి. అలాంటి మనిషికి ఓ రోజు పనిలో, లిఫ్టు తిరిగే గోతిలో నిచ్చెన ఎక్కుతుంటే, గుండెల మీద ఎవరో బండ పెట్టి దాని మీద తీరుబడిగా కూర్చున్నట్టయింది. కంపెనీవాళ్లు మర్యాదగానే చెప్పారు. ట్రెడ్‌మిల్ పరీక్ష బాగా వస్తేనే మళ్లీ గోతిలో పని, అందాకా స్టోర్లో కూర్చుని బోల్టులు అందించాలి. ఆ స్టోరుకి పెద్ద ఎవరో కాదు, సొంత బావమరిది. స్పానరు ఏ చివర పట్టుకోవాలో కూడా మావయ్యే నేర్పాడు వాడికి.

"బావా, బోల్టు అడిగినవాడికి నట్టు కూడా ఇవ్వాలి," అనేవాడు వాడు, అందరూ వినేలా.

"బావా, కుర్చీ వేయించనా? నిలబడితే ఆయాసం నీకు."

మావయ్య ఆ కుర్చీలో కూర్చోలేదు. దాన్ని పక్క గదికి పంపించేసి, సాయంత్రం దాకా నిలబడ్డాడు.

ఇదంతా జరుగుతుండగానే ఆసుపత్రిలో ఆయన గుండెకి ఫొటోలు తీశారు. ఒక రక్తనాళం సన్నబడిందని తేలింది. అక్కడి డాక్టరమ్మ ఓ పరిశోధన చేస్తోంది. ఇలాంటి నొప్పికి మందులిస్తారు, నాళంలో స్ప్రింగు లాంటి స్టెంటూ పెడతారు. పెట్టించుకున్నవాళ్లు హాయిగా ఉందంటారు. ఆ హాయి స్టెంటుదా, స్టెంటు పడిందన్న నమ్మకానిదా అన్నది తేల్చాలి. అందుకని చేరినవాళ్లందరికీ మందులిచ్చి, అందరినీ ఒకేలా బల్ల మీద పడుకోబెట్టి, మత్తిచ్చి, చెవుల్లో పాటలు పెట్టి, సగం మందికే స్టెంటు వేస్తారు. మిగతా సగానికి తీగ లోపలికెళ్లి ఊరికే చూసి వచ్చేస్తుంది. ఎవరికి ఏది జరిగిందో రోగికీ చెప్పరు, తర్వాత పరీక్షలు చేసే నర్సుకీ చెప్పరు. ఆఖరి పరీక్ష అయ్యాక నిజం చెబుతారు, పడనివాళ్లు కావాలంటే అప్పుడు వేయించుకోవచ్చు. ఇదంతా డాక్టరమ్మ వివరంగా చెప్పింది. మావయ్య వివరంగా తలూపి చేరాడు.

బల్ల మీంచి లేచిన మర్నాటి నుంచే ఆ రహస్యాన్ని పీకడానికి కూర్చున్నాడు.

"స్ప్రింగు భలే పెట్టారమ్మా. చెయ్యి తిరిగినవారు మీరు," అన్నాడు డాక్టరమ్మతో.

"ఏ చెయ్యి ఎటు తిరిగిందో ఇప్పుడు చెప్పను మావయ్యగారూ."

"చెప్పక్కర్లేదు. టిక్కుమని బిగుసుకోవడం నేనే విన్నాను. మీరు చెవుల్లో పాటలు పెట్టారు గానీ, గుండెకి చెవులు మూయలేదుగా."

డాక్టరమ్మ మొహం మూసిన షట్టరులా ఉండిపోయింది. మావయ్య దాన్నే సాక్ష్యంగా తీసుకుని, ఇంటికొచ్చి స్ప్రింగు పడిందని తేల్చేశాడు.

ఆసుపత్రివాళ్లు ఆయన ఫోన్లో ఒక ఏర్పాటు చేశారు. రోజూ సాయంత్రం అది, ఇవాళ ఛాతీలో నొప్పి వచ్చిందా, అని అడుగుతుంది. మావయ్య ఎడం చేత్తో ఛాతీ పట్టుకుని, కుడి చేత్తో 'రాలేదు' అని నొక్కేవాడు.

"ఫోను కాబట్టి నమ్ముతోంది," అంది అత్తయ్య.

"నువ్వూ నమ్మొచ్చు."

"నేను ఫోన్ని కాదు. ముప్పై ఏళ్లలో ఛార్జింగు పెట్టారా నాకు ఎప్పుడైనా?"

"నొప్పి అని నొక్కితే ట్రెడ్‌మిల్ ఎక్కకముందే తప్పిస్తారే. మీ తమ్ముడి పక్కన బోల్టులు తుడుచుకుంటూ పోతాను. నీకిష్టమేనా?"

"బోల్టులు తుడిచినవాళ్లెవరూ గోతిలో పడి పోలేదు," అంది అత్తయ్య.

ఆఖరి పరీక్ష రోజు వచ్చింది. ఆ ట్రెడ్‌మిల్ ఫలితమే కంపెనీకీ చూపించాలి. నొప్పి వస్తే నాలుక కింద కొట్టుకోవడానికి ఆయనకో స్ప్రే ఇచ్చారు. కొట్టుకుంటే నాళాలు కాస్త వదులై, కొంతసేపు నొప్పి దగ్గరికి రాదు. అందుకే పరీక్ష రోజున అది కొట్టుకోకూడదు, కౌంటరులో ఇచ్చేయాలి, అవసరమైతే నర్సే ఇస్తుంది. మావయ్య పాత ఖాళీ సీసా కౌంటరులో ఇచ్చాడు. కొత్తది చొక్కా జేబులో వేసుకుని బాత్రూముకి వెళ్లాడు. అద్దంలో తనని తాను చూసుకుని, నాలుకెత్తి ఒకసారి కొట్టాడు. చాలదేమోనని ఇంకోసారి కొట్టాడు. బయటికొచ్చేసరికి తలలో ఎవరో పెళ్లి బ్యాండు మేళం దించారు. మొహం కుంకుమ డబ్బా అయింది.

ట్రెడ్‌మిల్ గదిలో నర్సు చొక్కా విప్పమంది. మావయ్య విప్పి అత్తయ్య చేతికిచ్చాడు. నర్సు ఆయన్ని ట్రెడ్‌మిల్ మీద నిలబెట్టి, ఛాతీ నిండా తీగలు అతికించి, బీపీ చూసి, కనుబొమలు ముడిచి, మళ్లీ చూసింది.

"ఎప్పుడూ లేనిది ఇంత తగ్గిందేంటండీ?"

"పొద్దున ధ్యానం చేశానమ్మా."

"తలనొప్పిగా ఉందా?"

"ధ్యానం కాస్త ఎక్కువైంది."

ఇంతలో అత్తయ్య అలవాటు కొద్దీ చొక్కా మడత పెట్టింది. జేబులోంచి స్ప్రే జారి నేల మీద పడి, దొర్లుకుంటూ పోయి, వెతుక్కున్నట్టు సరిగ్గా నర్సు చెప్పు దగ్గర ఆగింది.

నర్సు దాన్ని తీసి బల్ల మీద పెట్టింది. "దిగండి మావయ్యగారూ. ఇవాళ పరీక్ష లేదు."

"ఎందుకు లేదు? మిషను తిప్పండి. ఎంతసేపు నడుస్తానో చూడండి, మీ మిషనే ముందు అలిసిపోతుంది."

"అందుకే లేదు. మీకు స్టెంటు పడిందో లేదో నాకు తెలీదు. పడుంటే, అది చేయని మేలు చేసిందని లెక్కలోకి ఎక్కుతుంది. పడకపోతే, అసలు అవసరమే లేదని ఎక్కుతుంది. రేపు మీలాంటివాళ్లు వస్తే మేం దాన్ని చూసే వైద్యం చెబుతాం."

"ఇంతమందిలో నేనొక్కణ్ణి. సముద్రంలో కాకిరెట్ట. నా ఉద్యోగం నాది తల్లీ, మీ పుస్తకాలు మీవి. నేను దిగను." మావయ్య ట్రెడ్‌మిల్ కడ్డీ రెండు చేతులా పట్టుకున్నాడు. మీట నొక్కమన్నట్టు గడ్డం ఎగరేశాడు.

అత్తయ్య ముందుకొచ్చింది. చొక్కా మడత విప్పి, మళ్లీ మడిచింది.

"కొత్త లిఫ్టు అప్పగించేముందు ఇసుక బస్తాలు వేసి చూస్తారుగా మీరు. బస్తాల్లో సగం దూది నింపి పాస్ చేయమంటే చేస్తారా?"

"చంపేస్తాను ఆ మాటన్నవాణ్ణి," అన్నాడు మావయ్య ఆలోచించకుండానే.

అన్నాక ఆలోచించాడు. కడ్డీ మీద వేళ్లు వదులయ్యాయి. తీగలన్నీ వేలాడుతుండగా ట్రెడ్‌మిల్ అంచు మీదే చతికిలబడ్డాడు. నర్సు నీళ్లందిస్తే తాగి, గ్లాసు పక్కన పెట్టి, గొంతు సవరించుకున్నాడు. సవరించుకున్నా అది గర్జనలా రాలేదు.

"కొట్టాను తల్లీ. రెండుసార్లు కొట్టాను. కౌంటరులో ఇచ్చింది ఖాళీ సీసా. ఫోనుకి చెప్పినవన్నీ కూడా ఉత్తవే, అవన్నీ కొట్టేయండి. నొప్పి వస్తోంది. మెట్లెక్కితే వస్తోంది, బస్సు వెనక పరిగెడితే వస్తోంది, మా బావమరిది 'బావా' అంటే కూర్చున్నచోటే వస్తోంది. స్ప్రింగు సంగతి నాకేం తెలుసు, ఆ బల్ల మీద హాయిగా నిద్రపోయాను. డాక్టరమ్మని పిలవండి, ఆమెకీ నేనే చెబుతాను, మా ఆవిడ చేత చెప్పించకండి. ఈ మందు దిగిపోయాక ఇంకో రోజు ఇవ్వండి నాకు. నొప్పి ఎక్కడొస్తే అక్కడ ఆగిపోతాను, ఆగిందే లెక్కలోకి ఎక్కించుకోండి. గోతిలోకి దిగనివ్వకపోతే కంపెనీతో నేను పోట్లాడుకుంటాను, అది వేరే పోట్లాట. ఇక్కడ మాత్రం, మీ ఎదురుగా చెబుతున్నాను, భయపడ్డాను."