అమ్మకి అంచులు

"పిల్లలతో ఆడుతూ పాడుతూ ఐదు నిమిషాల్లో వేసవి చిరుతిళ్ళు" అనే వీడియో ఒకటి పొద్దున్నే సుహాసిని ఫోనుకి పంపాడు మొగుడు దేవేంద్ర. పంపి ఊరుకున్నాడా, స్నానానికి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి మరీ చెప్పాడు. "సెలవులు కదా, పిల్లలు ఒకటే టీవీ సూస్తన్నారు. ఇలాటివేవైనా సేయించు. నువ్వూ కాళీయే కదా." చెప్పేవాడికి వినేవాళ్ళెప్పుడూ లోకువే. వీడియోలో ఆవిడ చీర మడత నలగలేదు. ఆ గిన్నెలన్నీ తర్వాత ఎవరు తోమారో మాత్రం చూపించలేదు.

పిల్లలు మామిడి తాండ్ర వేద్దామన్నారు. అది ఐదు నిమిషాల పనేమీ కాదు. కానీ భోగాపురం పక్కన వాళ్ళ తోటలో పీచుమామిడి పళ్ళు ఊరికే రాలిపోతున్నాయి. సుహాసిని పళ్ళు పిసికి, గుడ్డలో వడకట్టి, బెల్లం కలిపి ఇస్తే, డాబా మీద పరిచిన చాప మీద కూతురు కౌముదీ, కొడుకు దీక్షితూ అరచేతులతో పులిమారు. ఆరిన పొర మీద మర్నాడు ఇంకో పొర. పిల్లలకి పులమడం వరకే ఆట. చీమలు పట్టకుండా చుట్టూ పసుపు చల్లడం, కాకుల్ని తోలడం, సాయంత్రం మబ్బు పడితే చాప ఎత్తుకుని పరుగెత్తడం, రసం మరకల బట్టలు ఉతకడం తల్లికి. "తాండ్రంతా పిల్లలే సేసేసినారు!" అని దేవేంద్ర ఫోటో తీసి చుట్టాలందరికీ పంపాడు. అందులో సుహాసిని కూడా పడింది, గిన్నె పట్టుకున్న చెయ్యి మోచేతి వరకు.

తాండ్ర ఎండాక ముందు అంచులు కొయ్యాలి. పల్చగా పడినందుకు అవి అన్నిటికంటే ముందే ఎండి చెప్పుతోలులా బిరుసెక్కుతాయి, చాప పీచు కూడా అంటుకునొస్తుంది. పెళ్ళయిన మొదటి వేసవిలో అత్త జగ్గమ్మ ఆ అంచులు పక్కన పెడుతూ, "పారీడానికి మనసొప్పదు, ఎవులు తింతారివి?" అంది. కొత్త కోడలు, మంచిదనిపించుకోవాలన్న ఆశ. "నాకిష్టమే అత్తా," అనేసింది మాటవరసకి. అంతే, ఆ ఒక్క మాట ఆ ఇంట్లో శిలాశాసనమైపోయింది. "మా కోడలుకి అంచులంటే పేనం," అని జగ్గమ్మ వచ్చినవాళ్ళకల్లా చెప్పింది. "అంచులన్నీ నీకే దాసినాను సూడు," అంటూ ఏటేటా పళ్ళెం అందించాడు దేవేంద్ర. ప్రేమగానే అందించాడు, అదే బాధ. తిట్టి పెట్టి ఉంటే ఏనాడో విసిరికొట్టి ఉండేది. తర్వాత మాడిన అట్టు, చేపకూరలో తోక, పెరుగు గిన్నె అడుగు, అన్నీ ఒక్కొక్కటే ఆమె ఇష్టాల్లో చేరిపోయాయి. ఆమెకి నిజంగా ఏదిష్టమో ఎరిగిన ఒకే ఒక్క మనిషి, కన్నతల్లి, కిందటేడు పోయింది. కర్మకాండ అయ్యాక ఒకరోజు బజారులో మిఠాయి కొట్టు ముందు నిలబడి, తనకోసం ఏం కొనుక్కోవాలో తోచక భోరున ఏడ్చింది సుహాసిని. ఎండకి కళ్ళు మండాయని ఇంట్లో చెప్పింది.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ ఉండగా తాండ్ర కోశారు. పంపకం తనదేనంటూ కౌముది పళ్ళేలు పరిచింది.

"నడిమి ముక్క నాన్నకి. ఇది తమ్ముడికి. మెత్తటిది నానమ్మకి. అంచులు అమ్మకి."

తనకంటూ ఏమీ పెట్టుకోలేదు. తల్లి పళ్ళెంలోంచి ఒక అంచు తీసి నోట్లో వేసుకుంది. నమల్లేక మొహం ఎర్రబడింది. పీచు ఊసి మళ్ళీ నమిలింది.

"అది నీకెందుకే? మంచి ముక్క తీసుకో," అంది సుహాసిని.

"పర్లేదమ్మా. పెద్దయ్యాక నాకూ ఇవే ఇష్టమైపోతాయి కదా. ఇప్పట్నుంచే అలవాటు సేసుకుంటన్నాను."

పిల్ల వెటకారంగా అనలేదు. బళ్ళో ఎక్కం నేర్చుకున్నట్టు నేర్చుకుంది, ఇన్నేళ్ళూ తల్లిని చూసి. సుహాసిని కూతురి గడ్డం కింద అరచెయ్యి పట్టి, "ఊసీ," అంది. అది ఊసేదాకా చెయ్యి తియ్యలేదు. అప్పుడు అందరికీ వినబడేలా చెప్పింది.

"నాకు అంచులు ఇష్టం లేదు."

"ఏటే! ఇన్నేళ్ళూ తిన్నావు కదే?" దేవేంద్ర నవ్వాడు.

"తిన్నాను. ఇష్టమై తినలేదు."

అతను సాయం కోసం తల్లి వైపు చూశాడు. జగ్గమ్మ తన చేతిలోని మెత్తటి ముక్కకేసి చూసుకుంటోంది.

"నా పళ్ళున్నన్నాళ్ళూ ఆ అంచులు నానే తిన్నానురా," అంది. "ఇది వచ్చి ఇష్టమనీసరికి, అమ్మయ్య, నాకు తప్పినాది అనుకున్నాను."

సుహాసిని మొగుడి పళ్ళెంలోంచి నడిమి ముక్క తీసి రెండుగా కోసింది. ఒకటి కూతురి చేతిలో పెట్టింది. రెండోది తను నోట్లో వేసుకుంది.

"బాగుందా అమ్మా? నీకిది ఇష్టమేనా?" ఆత్రంగా అడిగింది కౌముది.

సుహాసిని చాలాసేపు నమిలింది. కళ్ళు నిండి పళ్ళేలు, చాప, మనుషులు అన్నీ మసకబారాయి.

"తెలీడం లేదే," అంది. "ఇంకో ముక్క కొయ్యి, తిని సెప్తాను."