పదమూడో లెవెల్ యోధుడు

2003లో ఉదయశ్రీ గుంటూరులో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. నెట్ సెంటర్లో ప్రింటు తీయించుకున్న రూల్సు పుస్తకం పట్టుకుని, పెదకాకానిలో వాళ్ళింటి ముందుగదిలో, మిరప బస్తాల పక్కన, ప్రతి ఆదివారం ఒక ఆట నడిపేది. కథ తను చెబుతుంది. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర పట్టి, ఏం చేస్తారో చెబుతారు. ఆ పని జరిగిందో లేదో, ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు వేసి డబ్బాలో ఉంచిన చీటీల్లో ఒకటి తీసి తేలుస్తారు; పెద్ద అంకె వస్తే జరిగినట్టు. ఆడేది ఇద్దరే. క్లాస్‌మేట్ శ్రీరమ్య మాంత్రికురాలు. కనిగిరి నుంచి వచ్చి గుంటూరు హాస్టల్లో ఉంటున్న పిన్ని కొడుకు త్రినాథ్ యోధుడు.

గెలిచేకొద్దీ పాత్రల లెవెల్ పెరుగుతుంది. ఏడాదిన్నరకి ఇద్దరూ పదమూడో లెవెల్‌కి వచ్చారు. మొదట్లో ఒక్క దెబ్బ తగిలితే మాంత్రికురాలి ప్రాణం పోయేట్టుండేది. యోధుడి వెనక దాక్కునేది. ఇప్పుడు ఆమె ఎగురుతోంది, గోడల్లోంచి నడిచిపోతోంది. అతను మాత్రం మొదటిరోజు లాగే కత్తి తిప్పుతున్నాడు, కాకపోతే ఇంకాస్త గట్టిగా.

ఆ ఆదివారం కథలో కొండమీద కోట వచ్చింది. ఉదయశ్రీ దాన్ని త్రినాథ్ కోసమే, వాళ్ళ కనిగిరి కొండను మనసులో పెట్టుకుని అల్లింది. శ్రీరమ్య ఒక్క మంత్రంతో ఇద్దర్నీ కోట నడిబొడ్డున దింపేసింది. వారమంతా కూర్చుని రాసుకున్న మెట్లదారీ కాపలాలూ కాగితం మీదే ఉండిపోయాయి.

"నేనింక ఎందుకక్కా?" అన్నాడు త్రినాథ్. "మీరిద్దరే ఆడుకోండి."

ఉదయశ్రీ పుస్తకంలో ఆయుధాల పేజీ తీసింది. "నిప్పులు కక్కే కత్తి ఇస్తానురా."

"అప్పుడు గొప్ప కత్తిది. నాది కాదు."

"పోనీ, నీ దెబ్బకి రెట్టింపు బలం."

"కొట్టడానికి ఎవడన్నా మిగిలితే గదా."

"అయితే రమ్య మంత్రాలు తగ్గిస్తా."

"నేనేం చేశానే?" అంది శ్రీరమ్య. "దాక్కుని దాక్కుని ఇక్కడిదాకా వచ్చాను."

అదీ నిజమే. ఉదయశ్రీ పుస్తకం ముందుకీ వెనక్కీ తిప్పింది. యోధుడి గురించి పేజీన్నర ఉంది. మంత్రాలు సగం పుస్తకం ఉన్నాయి. తప్పు ఎక్కడుందో ఎంత వెతికినా అంతుపట్టలేదు.

చివరికి శ్రీరమ్యే అంది, "మంత్రం వేస్తే ఏం జరుగుతుందో నేనే చెబుతున్నా. త్రినాథ్ మాత్రం ప్రతిదానికీ నిన్ను అడగాలి, తర్వాత చీటీ తీయాలి. పోయిన వారం తలుపు పడగొడతానంటే రెండు వచ్చింది, పడలేదన్నావు. పదమూడో లెవెల్ వాడికి తలుపు పడకపోవడమేంటి?"

ఉదయశ్రీ పుస్తకం మూసింది. "సరే. ఇవాళ్టి నుంచి ఆటకి మూడుసార్లు వీడు చెప్పింది జరిగిపోతుంది. చీటీ లేదు. మంత్రం మాత్రం కాకూడదు, మనిషి చేసే పనే. ఎంత పెద్దదైనా పర్లేదు."

"ఎంత పెద్దదంటే?" అన్నాడు త్రినాథ్.

"నాకూ తెలీదు."

త్రినాథ్ గోడ కూలుస్తానన్నాడు, మళ్ళీ వద్దన్నాడు. నది ఈదుతానని, ఇక్కడ నదెక్కడిదని తనే ఆగిపోయాడు. ఇన్నాళ్ళూ అడగడమే అలవాటైన వాడికి చెప్పడానికి నోరు రావడం లేదు.

"కోటలో సైనికులు నన్ను చూశారు," అన్నాడు ఆఖరికి, తలెత్తకుండానే. "నేను చేసిన యుద్ధాల గురించి వాళ్ళకి తెలుసు. కత్తులు కింద పెట్టేశారు."

శ్రీరమ్య తన మంత్రాల జాబితా పైనుంచి కిందిదాకా చూసింది.

"అంతమందిని ఒకేసారి ఆపే మంత్రం నా దగ్గర లేదు," అంది శ్రీరమ్య.

"ఇది బలమేనా అక్కా? నేనసలు కత్తే తీయలేదు."

ఉదయశ్రీ పుస్తకం అంచున ఏదో రాయబోయి ఆగింది. పెన్ను పక్కన పెట్టింది.

"ఏమోరా. జరిగింది గదా. తర్వాత ఏం చేస్తావో చెప్పు."

త్రినాథ్ మంచం దిగి, చాప మీద పరిచిన కోట పటం దగ్గరికి జరిగి కూర్చున్నాడు.