గుణం తెలియని తాబేలు

తెల్లవారగానే ఆ ఇంటి వాకిలి సింహం ఊడ్చేది. తన అడుగుల గుర్తులు తానే తోకతో తుడిచేసుకుంటుందని అత్తగారు జంతువుల పుస్తకం పుటలో రాశారు మరి, రాశాక తప్పుతుందా? ఊడ్చి, కాసిని నీళ్లు తాగి, మళ్లీ తన పుటలోకి వెళ్లి పడుకునేది. కొంగ ఒంటికాలి మీద గుమ్మం దగ్గర కాపలా కాసేది. "కాస్త జరుగు తల్లీ, ఆఫీసుకు ఆలస్యమవుతోంది," అంటూ అత్తగారి కొడుకు దాని పక్కనుంచి తప్పుకుని చెప్పులు వేసుకునేవాడు.

జంతువుల పుస్తకం తయారీలో ఆ ఇంటికో వరస ఉంది. ముందు అత్తగారు తోలు పుట మీద ఈక కలంతో జంతువు గుణం రాస్తారు. తర్వాత కోడలు బొమ్మ వేసి, బంగారు రేకు అద్దుతుంది. అన్నిటికంటే చివర కన్ను పెడుతుంది. కన్ను పడగానే జంతువు లేచి, పక్కన రాసి ఉన్న పనికి పోతుంది. పనయ్యాక పుటలోకి వస్తుంది.

ఇక మిగిలింది తాబేలు ఒక్కటే. కానీ నెల రోజులుగా అత్తగారి చెయ్యి వణుకుతోంది. రెండు పుటలు అలికినట్టయ్యాయి. ఉన్నది ఆఖరి తోలు.

"ఇది గట్టెక్కితే చాలమ్మాయ్. శనివారం పుస్తకం తీసుకెళ్లడానికి లైబ్రరీ మేడమ్ రాగానే చెప్పేస్తాను, ఇక నావల్ల కాదని. ముప్పై ఏళ్లు రాశాను, చాలదూ?"

అన్నారే గానీ, చేతిలోని కలం మాత్రం కింద పెట్టలేదు.

కోడలు అది చూసింది. "చాలో చాలదో తర్వాత చూద్దాం. ఈ పూట చేతికి విశ్రాంతి ఇవ్వండి అత్తయ్యా. బొమ్మ నేను ముందే వేసేస్తాను."

వేసింది. రేకు అద్దింది. రేకు అయ్యాక కన్ను పెట్టడం ఆ చేతికి అలవాటు. పెట్టేసింది.

"అయ్యో, గుణం రాయలేదు కదూ!" అని నాలుక కరుచుకుంది.

అప్పటికే అరచేతంత తాబేలు బల్ల మీదికి దిగి బిత్తరచూపులు చూస్తోంది. నెమ్మదిగా నడవాలో, పరుగెత్తాలో దానికే తెలియదు. రంగు గిన్నె వాసన చూసింది. కుంచె కొరికి ఉమ్మేసింది.

"పాపం, ఏం చెయ్యాలో దానికెవరు చెప్పారు గనక?" అంటూ అత్తగారు నవ్వారు. "పుట ఇలా జరుపు. రెండు ముక్కలు రాసి పారేస్తాను."

చాచిన చెయ్యి వణికింది. తాబేలు అటు చూసింది. తిన్నగా వచ్చి మణికట్టు కిందికి దూరి, కాళ్లు లోపలికి ముడుచుకుని కూర్చుంది.

వణుకు ఆగిపోయింది.

మొదటి అక్షరం ముత్యంలా దిగింది. తన ఇంటిని తానే మోస్తుందని రాద్దామనుకున్న అత్తగారు ఒక్క క్షణం ఆలోచించి, ఇలా రాశారు: "తాబేలు వణికే చేతికి ఆసరాగా ఉంటుంది. ఆ చేతి పని పూర్తయ్యేదాకా కదలదు."

శనివారం మేడమ్ వచ్చి పుటలన్నీ తిరగేశారు. చివరి పుటలో రాత పక్కన, బంగారు అంచు మధ్య అంతా ఖాళీ.

"తాబేలేదండీ?"

"పనిలో ఉంది," అంది కోడలు.

"ఎప్పుడొస్తుంది?"

అత్తగారు రాస్తున్న పుట మీంచి తలెత్తకుండానే అన్నారు, "పక్షుల పుస్తకం మొదలుపెట్టానండీ. ఆ తర్వాత చేపలవి."

"అయితే తొందరేం లేదు లెండి," అని మేడమ్ పుస్తకం మూసి సంచిలో పెట్టుకున్నారు.